వేపచెట్టుకి జ్యూస్ తగిలించిన నేమ్ బోర్డుల షాపు: నా రివ్యూ

కాలేజీలోనో అపార్ట్‌మెంట్‌లోనో చెట్లకి పేర్ల బోర్డులు చేయిద్దామనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. తప్పుల్లో సగం నావే, పైగా అక్కడి డిజైనర్ కుర్రాడి మీద నాకు కోపమేం లేదు, నిజం చెప్పాలంటే ఇప్పుడు మా ఫైనలియర్ పిల్లల్లో సగం మంది కన్నా ఆ అబ్బాయే సైంటిఫిక్ నేమ్ కరెక్టుగా కొడతాడు.

మాది గోదావరి వైపు ఒక డిగ్రీ కాలేజీ, నేను బోటనీ చెప్తాను. నాక్ టీమ్ (కాలేజీల నాణ్యత తనిఖీ చేసే వాళ్ళు) వస్తోందంటే కాలేజీల్లో ఏం జరుగుద్దో తెలిసిందే కదా, గోడలకి సున్నం, బాత్రూములకి తలుపులు, చెట్లకి పేర్లు. ఇన్నేళ్ళుగా ఎవరూ తలెత్తి చూడని చెట్లకి ఉన్నపళంగా పేర్లు కావాలి, అదీ పదిహేను రోజుల్లో. ప్రిన్సిపాల్ గారు పిలిచి "మేడం, ఇది మీరే చూసుకోండి, ముప్పై వేలు దాటనివ్వకండి" అన్నారు. తిరిగి లెక్కేస్తే చెట్లకి 64 బోర్డులు, జువాలజీ వాళ్ళు కూడా ఇదే అదను అని తమ మ్యూజియంలో సీసాలకి 18 లేబుళ్ళు నా నెత్తిన పెట్టారు.

మూడు షాపులు తిరిగా. మొదటి చోట ఫ్లెక్స్ వేస్తామన్నారు, చెట్టుకి ఫ్లెక్స్ కడితే అది వార్డు మెంబరు పుట్టినరోజులా ఉంటుంది, వద్దన్నా. రెండో చోట సన్‌బోర్డు మీద వినైల్ స్టిక్కర్, చవకే గానీ రోహిణీ కార్తె ఎండకి ఆ స్టిక్కర్ అంచులు లేచి అప్పడంలా ముడుచుకుంటాయి, మా లైబ్రరీ బయట బోర్డే దానికి సాక్ష్యం. మూడోది ఈ షాపు. ఏసీపీ షీటు (మధ్యలో ప్లాస్టిక్, రెండు వైపులా పల్చటి అల్యూమినియం రేకు) మీద డైరెక్టుగా యూవీ ప్రింటు, ఎనిమిది ఇంచులకి ఆరు, మూలలు గుండ్రంగా కోసి రెండు కన్నాలు పెట్టి ఒక్కోటి 380 రూపాయలు. చెట్టుకి ఎలా కడతారండీ అని అడిగితే ఓనర్ గారు "మేకు కొట్టకూడదమ్మా, చెట్టు లావెక్కేకొద్దీ బోర్డుని మింగేస్తది, స్ప్రింగు వేసి కడితే అదే సాగుద్ది" అన్నారు. ఆ ఒక్క మాటకే అడ్వాన్సు ఇచ్చేశా. చెట్టు గురించి ఆలోచించే బోర్డుల షాపు ఇంకెక్కడ దొరుకుద్ది చెప్పండి.

అక్కడి నుంచి మొదలైంది అసలు కథ. లిస్టు నేను వాట్సాప్‌లో కొట్టి పంపా. అదే నా మొదటి తప్పు. ఫోన్ కీబోర్డు ఏం చేస్తుందంటే, చుక్క కనపడగానే వాక్యం అయిపోయిందనుకుని తర్వాత అక్షరం పెద్దది చేసేస్తుంది. రావిచెట్టు ఫైకస్ రెలిజియోజా. దాన్ని పొట్టిగా ఎఫ్, చుక్క, రెలిజియోజా అని కొడితే ఆ ఆర్ కాస్తా క్యాపిటల్ అయి కూర్చుంటుంది. అదీగాక తనకి తెలియని మాట కనపడితే తెలిసిన మాటగా మార్చేస్తుంది. వేపచెట్టు పేరు అజాడిరాక్టా ఇండికా, దాని వెనక ఆ పేరు పెట్టిన ఫ్రెంచాయన ఆడ్రియన్ డి జుస్యూ పేరు పొట్టిగా ఉంటుంది, ఏ చుక్క, జె, యు, రెండు ఎస్‌లు. షాపు వాళ్ళ మొదటి ప్రూఫులో, అంటే ప్రింటుకి ముందు పంపే నమూనాలో, వేపచెట్టు కింద "ఏ జ్యూస్" అని ఉంది! నవ్వాగలేదు నాకు, స్టాఫ్ రూములో అందరికీ చూపించా, తర్వాత నా వాట్సాప్ మెసేజ్ తెరిచి చూస్తే అందులోనే జ్యూస్ ఉంది. పంపింది నేనే. అందరికీ చూపించకుండా ఉండాల్సింది.

ప్రూఫు వచ్చింది రాత్రి పదకొండింటికి, పీడీఎఫ్. తెరవగానే మొత్తం 64 పేర్లూ క్యాపిటల్ అక్షరాల్లో, బోల్డులో, కింద గీత కూడా. పొద్దున్నే షాపుకి వెళ్ళా.

"బాబూ, అన్నీ క్యాపిటల్స్‌లో ఎందుకు పెట్టావ్?"

"దూరం నుంచి కనపడుద్ది కదండీ మేడం గారూ."

"గీత ఎందుకు?"

"మా చెల్లి ఇంటర్ బైపీసీ అండి, అడిగితే గీత గీయాలంది."

ఆ చెల్లి చెప్పింది తప్పేం కాదు. చేత్తో రాసేటప్పుడు వాలుగా రాయలేం కాబట్టి రెండు మాటల కిందా విడివిడిగా గీత గీస్తాం, పరీక్ష పేపర్లో అంతే. కానీ ప్రింటులో ఇటాలిక్స్ ఉన్నాక గీత అక్కర్లేదు, రెండూ కలిపితే అన్నంలో పప్పు వేసుకుని పైన పెరుగు కూడా పోసుకున్నట్టు. సరే కూర్చోబెట్టి చెప్పా. ఎలా చెప్పాలా అని ఒక్క నిమిషం ఆలోచిస్తే మన ఇంటిపేరు గుర్తొచ్చింది. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చెట్టుకీ అంతే. ఫైకస్ అనేది ఇంటిపేరు, దాన్ని పుస్తకాల్లో ప్రజాతి అంటారు, మొదటి అక్షరం ఎప్పుడూ పెద్దది. రెలిజియోజా, బెంగాలెన్సిస్, రేసిమోజా ఇవన్నీ ఆ ఇంట్లో పిల్లలు, అంటే రావి, మర్రి, మేడి, వీటికి అన్నీ చిన్న అక్షరాలే. ఇంటిపేరు పూర్తిగా ఒకసారి రాశాక తర్వాత నుంచి మనం కె. సుబ్బారావు అన్నట్టు ఎఫ్. రెలిజియోజా అనొచ్చు, కానీ బోర్డు మీద అలా కుదరదు, బోర్డు చదివేవాడు ముందు బోర్డు చదివి రాడు కదా, అక్కడ పూర్తి పేరే ఉండాలి. ఇంకోటి, మనుషుల్లో సుబ్బారావు అని పిలిస్తే పలుకుతాడు, ఇక్కడ ఉత్త "ఇండికా" అంటే ఎవరూ పలకరు, మామిడీ ఇండికానే, వేపా ఇండికానే, చింతా ఇండికానే. రెండు మాటలూ కలిస్తేనే పేరు.

ఆ అబ్బాయి తల ఊపి "మరి మనిషి పేరు మీద పెట్టినా చిన్నక్షరమేనాండి?" అన్నాడు. మంచి ప్రశ్న అది. తిరుమల కొండల్లో మాత్రమే పెరిగే సైకాస్ ఒకటుంది, సైకాస్ బెడ్డోమీ, బెడ్డోమ్ అనే బ్రిటిష్ ఫారెస్టు ఆఫీసరు పేరు మీద. అయినా బి చిన్నదే. పింపినెల్లా తిరుపతియెన్సిస్‌లో ఉన్నది సాక్షాత్తు తిరుపతి, అయినా టి చిన్నదే, స్వామివారి ఊరైనా మినహాయింపు లేదు. పాత పుస్తకాల్లో మనుషుల పేర్లకి క్యాపిటల్ పెట్టేవాళ్ళు, ఇప్పుడు అందరూ చిన్నదే రాస్తున్నారు. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్న పాత ఫ్లోరా (ఒక ప్రాంతపు మొక్కల వివరాల పుస్తకం) చూసి కాపీ కొడితే ఇక్కడే దొరికిపోతారు, జాగ్రత్త. ఇటాలిక్స్ సంగతేమో, అది చట్టం లాంటిది కాదు, పద్ధతి. ఇటాలిక్స్ లేకపోతే పేరు చెల్లకుండా పోదు, కానీ చూసిన వాడికి ఇది లాటిన్ పేరు అని వెంటనే తెలియడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

రెండో ప్రూఫు మూడు రోజులకి వచ్చింది. ఇందులో తప్పులు వేరే రకం. ఆ అబ్బాయి ఈసారి తెలివి ఉపయోగించాడు, అది ఇంకా ప్రమాదం. అశోక చెట్టు పేరులో స్పెల్లింగ్ ఏ, ఎస్, ఓ, సి, ఏ. ఎస్ పక్కన హెచ్ లేదు, కె కూడా లేదు. పాపం టైపింగ్ మిస్టేక్ అనుకుని మన అశోక్‌కి ఎలా రాస్తామో అలా దిద్దేశాడు. మర్రిచెట్టు బెంగాలెన్సిస్‌లో జి పక్కన హెచ్ ఉంటుంది, "బెంగాల్‌లో హెచ్ లేదు కదండీ" అని పీకేశాడు. దిరిసెన చెట్టు ఆల్బిజియాకి జెడ్ ఒకటే, ఆ పేరు ఆల్బిజ్జి అనే ఇటలీ ఆయన మీద పెట్టారు, ఆయన ఇంటిపేరులో జెడ్‌లు రెండు, కానీ మొదట అచ్చేసినప్పుడు ఒకే జెడ్ పడింది, పడిందంటే పడిందే, ఇక దాన్నే రాయాలి. చాలామంది దీన్ని రెండు జెడ్‌లతో రాస్తారు, నేనూ ఎమ్మెస్సీ దాకా అలాగే రాశాను. ఇక్కడ స్పెల్లింగ్ అంటే అర్థానికి సరిపోయేది కాదు, మొదటిసారి అచ్చులో ఎలా పడిందో అది. మన రేషన్ కార్డులో పేరు తప్పు పడితే జన్మంతా అదే మోస్తాం చూడండి, అలా.

కాగితప్పూల చెట్టుకి మధ్యలో ఇంటూ గుర్తు ఉంటుంది, బోగన్‌విలియా × బట్టియానా, అంటే అది రెండు జాతులు కలిసి పుట్టిన సంకరం అని. ఆ అబ్బాయి అక్కడ ఎక్స్ అక్షరం కొట్టాడు, అదీ ఇటాలిక్స్‌లో, చూస్తే బట్టియానాకి ముందు ఇంకో ఇనీషియల్ ఉన్నట్టుంది. కంప్యూటర్లో ఆల్ట్ నొక్కి పట్టుకుని 0215 కొడితే అసలు గుర్తు వస్తుందని నేనే చూపించా. అప్పుడు వాడి మొహంలో నా మీద మొదటిసారి గౌరవం కనపడింది.

బంగినపల్లి మామిడి ఒకటుంది మా హాస్టల్ వెనక. మాంజిఫెరా ఇండికా వరకు ఇటాలిక్స్, ఆ పక్కన 'బంగినపల్లి' నిటారుగా, క్యాపిటల్ బితో, సింగిల్ కోట్స్ మధ్యలో. ఎందుకంటే అది జాతి కాదు, రైతులు అంట్లు కట్టి పెంచుకున్న రకం, దానికి వేరే రూలు. ఈ బోర్డు మాత్రం మొదటిసారే కరెక్టుగా వచ్చింది, ఎలా వచ్చిందో తెలీదు, బహుశా తినే వస్తువు కాబట్టి శ్రద్ధ పెట్టాడేమో.

ఇక సైంటిఫిక్ నేమ్ చివర్లో ఉండే మనుషుల పేర్లు. వీటి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ షాపులో నాకు బాగా నచ్చిన పావుగంట అదే. ఆ అబ్బాయి చాలాసేపటి నుంచి ఏదో అడగాలని ఆగుతున్నాడు. చివరికి అడిగేశాడు. "మేడం గారూ, ఈ ఎల్. అనే ఆయన ఎవరండీ, సగం చెట్లు ఈయనే ఇచ్చాడు?" ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, గుళ్ళో ఫ్యాన్ల మీద, ట్యూబ్‌లైట్ల మీద దాతల పేర్లు రాస్తారు కదా, అదనుకున్నాడు! ఫలానా చెట్టు, దాత ఎల్. గారు. ఆ ఎల్. ఎవరో కాదు, లిన్నేయస్, స్వీడన్ ఆయన, 1753లో ఆయన వేసిన స్పీషీస్ ప్లాంటారమ్ పుస్తకంతోనే మొక్కల పేర్ల లెక్క మొదలవుతుంది, అంతకుముందు పేర్లు లెక్కలోకి రావు. అంత పెద్దమనిషి కాబట్టే ఒక్క అక్షరంతో సరిపెడతారు. ఎర్రచందనానికి టెరోకార్పస్ సాంటలైనస్ పక్కన ఎల్.ఎఫ్. అని ఉంటుంది, అది ఆయన కొడుకు, ఆ ఎఫ్ ఫీలియస్, లాటిన్‌లో కొడుకు అని, ఎఫ్ చిన్నక్షరం. ప్రూఫులో రెండూ క్యాపిటల్ పడి ఎవరో ఎల్.ఎఫ్. అనే కొత్తాయన పుట్టుకొచ్చాడు. ఇవేవీ ఇటాలిక్స్‌లో ఉండవు, నిటారుగా ఉంటాయి, చెట్టు వాలుగా, మనిషి నిటారుగా అని చెప్పా, అలా చెప్తే బాగా గుర్తుంది ఆ అబ్బాయికి.

తురాయి చెట్టు దగ్గర ఇంకో గొడవ. డెలోనిక్స్ రీజియా పక్కన బ్రాకెట్లో "బోయెర్ ఎక్స్ హుక్." అని ఉంటుంది. "ఎక్స్ అంటే మాజీ కదండీ, మాజీ హుక్‌గారా?" అన్నాడు. మాజీ కాదు నాయనా, పేరు ఆలోచించింది బోయెర్, అచ్చు వేయించింది హుకర్, అందుకని ఎక్స్.

"మరి ఈ రాక్స్‌బ్. ఎవరండీ?" అన్నాడు. అక్కడ నేను కుర్చీ లాక్కుని కూర్చున్నా. ఆయన మన ప్రాంతం వాడే అనొచ్చు దాదాపు. విలియం రాక్స్‌బరో, స్కాట్లాండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నాడు, తోట పెట్టి మిరియాలు, కాఫీ, నీలిమందు ఇలాంటివన్నీ పెంచి చూశాడు. చుట్టుపక్కల మొక్కలన్నీ మన దేశపు చిత్రకారులతో బొమ్మలు వేయించాడు, వాటితో 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాల పుస్తకం వచ్చింది, 300 బొమ్మలు. 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు గానీ మన మొక్కల పేర్లు ఆయనతో పాటే వెళ్ళాయి, తెలుగు పేరు అడిగి రాసుకునే అలవాటు ఆయనది. ఆయనకి ముందు కోనిగ్ అనే ఇంకో డాక్టరు ఉండేవాడు, లిన్నేయస్ శిష్యుడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు, ఇప్పచెట్టు పేరు పక్కన బ్రాకెట్లో ఉండేది ఆయనే. ఇదంతా చెప్తుంటే ఓనర్ గారు కూడా క్యాష్ కౌంటరు వదిలి వచ్చి నిలబడ్డారు. సామర్లకోట అంటే భీమేశ్వరస్వామి గుడి, ఆ పక్కనుంచి రోజూ రైళ్ళు పోతుంటాయి, అంతే తెలుసు ఆయనకి. "అయితే మన ఊరి పక్కనాయన పేరేనన్నమాట, దాన్ని కొంచెం పెద్దగా వేద్దామా మేడం" అన్నారు. వద్దండీ బాబూ.

బ్రాకెట్ల సంగతి మాత్రం తంగేడుతో చెప్పాల్సొచ్చింది. తెలంగాణ రాష్ట్ర పువ్వు కదా, మా గేటు పక్కన కూడా పొద ఉంది. లిన్నేయస్ దానికి కాసియా ఆరిక్యులేటా అని పెట్టాడు. తర్వాత రాక్స్‌బరో దాన్ని సెన్నా అనే ప్రజాతిలోకి మార్చాడు. ఇప్పుడు రాయాల్సింది సెన్నా ఆరిక్యులేటా, పక్కన బ్రాకెట్లో ఎల్., బ్రాకెట్ బయట రాక్స్‌బ్. నేను చెప్పిందేంటంటే, ఇది పెళ్ళైన ఆడపిల్ల లాంటిది, ఇంటిపేరు మారింది, సొంత పేరు మారలేదు, పుట్టింటి వాళ్ళు బ్రాకెట్లో, అత్తింటి వాళ్ళు బయట. ఇంటిపేరు మారని చెట్టుకి బ్రాకెట్ ఉండకూడదు. ఆ అబ్బాయి వెంటనే "అయితే బ్రాకెట్ తీసేస్తే పెళ్ళి క్యాన్సిలేనా" అన్నాడు. దాదాపు అంతే!

ఇంత చెప్పాక కూడా సీసాల లేబుళ్ళలో బ్రాకెట్ల దగ్గరే దెబ్బ తిన్నాం. జంతువుల పద్ధతి కొంచెం వేరు, పేరు పొట్టిగా ఎల్. అని కాకుండా లిన్నేయస్ అని పూర్తిగా రాసి, కామా పెట్టి, సంవత్సరం కూడా వేస్తారు. ఏలికపాముకి ఆస్కారిస్ లుంబ్రికాయిడిస్ లిన్నేయస్, 1758, బ్రాకెట్ లేదు. నాగుపాముకి నాజా నాజా, తర్వాత లిన్నేయస్, 1758 బ్రాకెట్లో, ఎందుకంటే ఆయన దాన్ని మొదట కొలుబర్ అనే ప్రజాతిలో పెట్టాడు. రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయని, చూడ్డానికి నీట్‌గా ఉండదని, ఆ అబ్బాయి రెండిటికీ బ్రాకెట్లు పెట్టేశాడు. నాజా రెండుసార్లు పడిందని ఒకటి కొట్టేశాడు కూడా. జంతువుల్లో అలా ఒకే మాట రెండుసార్లు రావొచ్చు, చుక్కల జింక యాక్సిస్ యాక్సిస్ అంతే, మొక్కల్లో మాత్రం కుదరదు. "అన్నీ 1758లోనే పుట్టాయాండి ఇవి?" అని కూడా అడిగాడు. జంతువుల లెక్క ఆ సంవత్సరం నుంచి మొదలు, లిన్నేయస్ సిస్టెమా నేచురే పదో ఎడిషన్ నుంచి, అందుకే ఏ మ్యూజియంకి వెళ్ళినా ఆ నాలుగంకెలే కనపడతాయి.

రక్తపింజర సీసా దగ్గర మాత్రం తగువు షాపులో కాదు, మా స్టాఫ్ రూములోనే. దబోయా రస్సెలీ. ప్యాట్రిక్ రస్సెల్ అని విశాఖపట్నంలో ఉండి మన పాముల మీద పుస్తకం రాసిన డాక్టరు, కాటుకరేకుల పొడ అని తెలుగు పేరుతో సహా రాసుకున్నాడాయన. ఆయన ఇంటిపేరు చివర ఎల్‌లు రెండు. పాము పేరులో మాత్రం ఒకటే ఎల్, తర్వాత రెండు ఐలు. జువాలజీ సారు రెండు ఎల్‌లు ఉండాల్సిందే అని టేబుల్ గుద్దారు, నేను మొదటి అచ్చులో ఎలా పడిందో అదే అన్నా, రెండు రోజులు ఆయన నాతో టీ తాగలేదు. లేబుల్ ఒక ఎల్‌తోనే వచ్చింది.

నా తప్పులు కూడా చెప్పేస్తా. నేను చదువుకున్నప్పటి నోట్సు నుంచి అశోకకి సరాకా ఇండికా అని పంపా. అది తప్పు, సరాకా ఇండికా అనేది ఆగ్నేయాసియా చెట్టు, మనది సరాకా అశోకా. అదృష్టం కొద్దీ రెండో ప్రూఫుకి ముందు లండన్ క్యూ గార్డెన్స్ వాళ్ళ వెబ్‌సైట్ ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో 64 పేర్లూ ఒక్కొక్కటే కొట్టి చూశా, ఫ్రీయే, రెండు సాయంత్రాలు పట్టింది. మా గ్రౌండు చుట్టూ పొడుగ్గా నిలబడి ఉండే నకిలీ అశోకకి నేను పాలియాల్తియా లాంగిఫోలియా అని రాశా, అది 2012లో మోనూన్ లాంగిఫోలియమ్ అయింది. ఇంటిపేరు మారినప్పుడు చివర కూడా మారింది చూశారా, లాటిన్‌లో లింగం కలవాలి, మన తెలుగులో "వాడు వచ్చాడు", "అది వచ్చింది" అన్నట్టు. నల్లతుమ్మ ఇంకా బాధ. ఎకేషియా అనే పేరు 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రవేత్తల సమావేశంలో ఆస్ట్రేలియా తుమ్మలకి ఇచ్చేశారు, అక్కడ దాదాపు వెయ్యి జాతులు ఉన్నాయని, 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖాయం చేశారు. మన తుమ్మ ఇప్పుడు వాచెలియా నైలోటికా. కొత్త పేరు పెద్దగా వేయించి, పాత పేరు కింద చిన్నగా వేయించా, ఎందుకంటే ఆయుర్వేదం పుస్తకాల్లో, ఫారెస్టు వాళ్ళ రిజిస్టర్లలో ఇంకా పాతదే ఉంది, పిల్లలు రెండూ చూడాలి. పాతది మొత్తం పీకేసి కొత్తదే వేయాలనే వాళ్ళతో నేను ఒప్పుకోను.

జామాయిల్ చెట్టు ఏ జాతో మాకు తేలలేదు, యూకలిప్టస్ ఎస్‌పి. అని వేయించా (ఎస్‌పి. అంటే స్పీషీస్, ఏదో ఒక జాతి అని), ఆ ఎస్‌పి. నిటారుగా ఉండాలి, దాన్ని ఇటాలిక్స్ చేస్తే అదే జాతి పేరు అనుకుంటారు. "పోలీసు ఎస్పీ గారి చెట్టా" అని ఒక పిల్లాడు అడిగాడు, బోర్డు పెట్టిన మర్నాడే.

తెలుగు లైను గురించి షాపుకి మైనస్ వేయాల్సిందే. వాళ్ళది పాత పద్ధతి, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు. నేను ఫోన్‌లో కొట్టి పంపిన యూనికోడ్ తెలుగు అందులో అతికించగానే డబ్బాలు డబ్బాలుగా వచ్చింది, మళ్ళీ మొత్తం చేత్తో కొట్టారు. తెల్లమద్ది కాస్తా తెల్లమది అయింది, దిరిసెన దిరిశన అయింది. పైగా లాటిన్ పేరు వాలుగా ఉంది కదా అని తెలుగు పేరు కూడా వాల్చేశారు. తెలుగు అక్షరాన్ని అలా పక్కకి తోస్తే తలకట్లు ఎగిరిపోయి, ఒత్తులు పక్కక్షరం కాళ్ళ కింద పడి, చూడ్డానికి గాలివానలో వరిచేనులా ఉంటుంది. తెలుగు నిటారుగా పైన, లాటిన్ వాలుగా కింద, దాని కింద మొక్క కుటుంబం (ఫ్యామిలీ) పేరు, అంతే. సైంటిఫిక్ నేమ్‌ని తెలుగు అక్షరాల్లో కూడా ఒక లైను వేద్దామని మా తెలుగు మాస్టారు అన్నారు గానీ నేనే వద్దన్నా, మనకి పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు, హెచ్ ఉందో లేదో జెడ్‌లు ఎన్నో తెలుగులో కనపడదు. ఇదిగో ఈ రివ్యూలో నేను తెలుగులో కొడుతున్నానంటే అది మాట్లాడుకోవడానికి, బోర్డుకి కాదు.

బోర్డులు మొత్తం నాలుగు ప్రూఫుల తర్వాత ప్రింటుకి వెళ్ళాయి, నాక్ టీమ్ రావడానికి రెండు రోజుల ముందు డెలివరీ ఇచ్చారు, ఆటోలో వేసుకుని ఓనర్ గారే వచ్చారు. 64 ఇంటూ 380, అంటే 24,320, సీసాల లేబుళ్ళు వేరే. విప్పి చూస్తే మూడు తప్పులు, అందులో ఒకటి నాది, ఒకటి వాళ్ళది, ఒకటి ఎవరిదో తేలలేదు. మూడూ మళ్ళీ చేసిచ్చారు, డబ్బులు అడగలేదు. ఏడాది దాటింది ఇప్పటికి, ఒక ఎండాకాలం, ఒక తుఫాను చూశాయి, ప్రింటు అలాగే ఉంది, స్ప్రింగుల్లో రెండు తుప్పు పట్టాయి. గ్రౌండు వైపు ఒక బోర్డు క్రికెట్ బాల్ తగిలి సొట్టపోయింది, దానికి షాపు ఏం చేస్తుంది.

మీరు వెళ్తే నా సలహా ఒకటే, లిస్టు వాట్సాప్‌లో పంపకండి, కంప్యూటర్లో మీరే ఇటాలిక్స్‌తో సహా టైపు చేసి పీడీఎఫ్ చేసి ఇవ్వండి, దానితో పాటు ప్రింటు తీసిన కాగితం కూడా చేతికివ్వండి, డిజైనర్ పక్కన పెట్టుకుని చూసుకుంటాడు. "స్పెల్లింగ్ దిద్దొద్దు" అని పైన ఎర్ర పెన్నుతో రాయండి. ప్రూఫు రాత్రి ఫోన్‌లో చూసి ఓకే అనకండి, పొద్దున్న ఇంకొకరితో అక్షరం అక్షరం పైకి చదివించుకుని చూడండి, హెచ్ పోయిందో లేదో చెవికి దొరుకుద్ది. పదకొండింటికి ముందు వెళ్తే ఆ అబ్బాయి ఉండడు.

మెటీరియల్‌కి అయిదు, ఓనర్ గారి మాటకి అయిదు, తెలుగు ఫాంట్లకి రెండు, మొదటి ప్రూఫుకి ఒకటి, నాలుగో ప్రూఫుకి నాలుగున్నర. మొత్తమ్మీద నాలుగు స్టార్లు ఇస్తున్నా.

పోయిన వారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. ఎవరో నర్సరీ వాళ్ళు బోర్డులకి వచ్చారంట, లిస్టులో అన్నీ క్యాపిటల్స్‌లో ఉన్నాయంట, ఎర్రచందనం కూడా ఉందంట. "మేడం గారూ, వాళ్ళు ఎల్.ఎఫ్. రెండూ పెద్దవే రాసిచ్చారండి, నేను ఎఫ్ చిన్నది చేసేశాను, కొడుకు కదండీ" అన్నాడు.